కొత్త అపార్ట్‌మెంట్, పాత వీధి: బరంపురంలో ఎలా కుదురుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. విజయనగరం నుంచి ఉద్యోగం మీద ఒడిశాలోని బరంపురం వచ్చారు. ఆస్కా రోడ్డు వెనక ఒక పాత వీధిలో రెండు పెంకుటిళ్ళు తీసేసి కట్టిన అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొనుక్కుని దిగారు. కింద పార్కింగ్, పైన నాలుగంతస్తులు, మొత్తం 16 ఫ్లాట్లు. రెండు నెలలు దాటినా వీధిలో ఎవరూ పలకరించడం లేదు. గేటు పక్కన స్కూటర్ పెడితే ఎదురింటి పెద్దాయన కోప్పడ్డారు. ఒడియా రాకపోవడం వల్లే ఇలా జరుగుతోందా, ముందు భాష నేర్చుకోవాలా, ఇంకేమైనా చక్కబెట్టుకోవాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఒడియా తప్పకుండా నేర్చుకోండి. కానీ మీ వీధి ముభావంగా ఉండటానికి కారణం భాష అయ్యుండదు. ఆ వీధిలో ఉన్న నీళ్ళు, కాలువ, పక్కింటి గోడలు, నడిచే దారి, వీటన్నిటి మీదా మీ బిల్డింగ్ ఒక్కసారిగా బరువు పెట్టింది. మీరు వచ్చాక కాదు, పునాది తవ్విన రోజు నుంచే. ఆ నాలుగింటి సంగతి ముందు చూడండి. చూస్తున్నారని వీధికి తెలిస్తే మాటలు వాటంతటవే కలుస్తాయి. ఇంట్లో సామాను సర్దుకోవడం, కాగితాలు మార్పించుకోవడం దాంతోపాటు నడిచే పనులు.

నేను బరంపురంలోనే పుట్టి పెరిగాను. సివిల్ పనుల పర్యవేక్షణ నా వృత్తి. ఈమధ్య చాలా ఏళ్ళుగా కొత్త అపార్ట్‌మెంట్లు కొన్నవాళ్ళ తరఫున అప్పగింత తనిఖీలు చేస్తున్నాను. మా బిల్డింగ్‌లో అసోసియేషన్ కార్యదర్శి పని కూడా నాదే. ఇక్కడ రాసేది అందులో చూసిందే.

భాష సంగతి రెండు మాటల్లో ముగిస్తాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మన మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి 1894లో పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆంధ్రా సరిహద్దులోని ఇచ్ఛాపురం ఇక్కడికి దగ్గరే. బజారులో, కోర్టుపేటలో, నేతవాళ్ళ వీధుల్లో రెండు భాషలూ కలిసే నడుస్తాయి. మిమ్మల్ని కోప్పడిన పెద్దాయనకి తెలుగు వచ్చే అవకాశమే ఎక్కువ. ఆయన బాధ వేరే ఉంటుంది. అదేమిటో తెలుసుకోవాలంటే మీ బిల్డింగ్ ఉన్నచోట ఇంతకుముందు ఏముండేదో తెలియాలి.

ఈ ఊరున్న గంజాం జిల్లాలో పాత ఇళ్ళు వీధి వైపు వెడల్పు తక్కువగా, లోపలికి చాలా పొడుగ్గా ఉంటాయి. ముందు అరుగు, తర్వాత ఒకదాని వెనక ఒకటి గదులు, చివర పెరడు, బావి. ఇల్లూ ఇల్లూ ఆనుకునే ఉంటాయి. చాలా చోట్ల రెండిళ్ళకీ మధ్య గోడ ఒకటే. మధ్యలో ఒక ఇల్లు పడగొడితే అటూ ఇటూ ఉన్న ఇళ్ళ గోడలు బయటపడతాయి. అవి ఎండకీ వానకీ తట్టుకోవాలని కట్టిన గోడలు కావు. లోపలి గోడలు కాబట్టి కొన్ని మట్టి అడుసుతో, కొన్ని సున్నంతో కట్టి ఉంటాయి. మీ పునాది తవ్వినప్పుడు అవి బీటలు తీసి ఉంటాయి. మొదటి వానాకాలంలో చెమ్మ ఇంట్లోకి దిగి ఉంటుంది.

అందుకే ఎవరు అడిగినా నేను చెప్పే మొదటి పని, మీ బిల్డింగ్‌కి రెండు వైపులా ఉన్న ఇళ్ళ గోడలు వెళ్ళి చూడండి. మీ మేడ మీది నుంచి చూసినా తెలుస్తుంది. పాత గోడకి బయటి పూత ఉందా? మీ ప్రహరీకీ ఆ గోడకీ మధ్య సందులో వాన నీళ్ళు నిలుస్తున్నాయా? నేను తనిఖీ చేసిన ఒక బిల్డింగ్ పక్కన ఒక వృద్ధ దంపతులు ఉండేవారు. సందులో పడ్డ నీళ్ళు బయటికి పోయే దారి లేక వాళ్ళ పడకగది గోడ నడుము ఎత్తు దాకా తడిసి ఉండేది. బిల్డర్ పట్టించుకోలేదు. ఫ్లాట్ల వాళ్ళు మాకేం సంబంధం అన్నారు. నేను గట్టిగా చెప్పాక అసోసియేషన్ డబ్బుతో ఆ గోడకి వాటర్‌ప్రూఫ్ సిమెంటు పూత వేయించి, సందు అడుగున వాలు తీయించి, పైన రేకు కప్పించారు. పదహారు ఇళ్ళు పంచుకుంటే ఒక్కో ఇంటికి పడ్డ ఖర్చు పెద్దదేమీ కాదు. ఇది దయతో చేసే పని అని నేను అనుకోను. వాళ్ళ గోడ పాడవడానికి మన ఇల్లు కారణం, అందుకని బాగుచేయాలి. పైగా ఆ సందులో నిలిచే నీళ్ళు మీ పునాది వైపుకీ దిగుతాయి.

ఇక నీళ్ళు. లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే అంకె చూస్తే తప్ప చాలామందికి నమ్మకం కుదరదు. పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు అని ప్రభుత్వ ప్రమాణం. ఇంటికి నలుగురు అనుకుంటే మీ 16 ఫ్లాట్లకీ రోజుకి దాదాపు 8,600 లీటర్లు కావాలి. ఇంతకుముందు అదే స్థలంలో ఎనిమిది మంది ఉండి ఉంటే వాళ్ళకి వెయ్యి లీటర్లు చాలేవి. బరంపురానికి వేసవి నీటి కటకట కొత్త కాదు. రుషికుల్య నుంచి జానిబిల్లి ప్రాజెక్టు నీళ్ళు వచ్చాక ఊరికి కాస్త ఊపిరి ఆడింది. అయినా పాత వీధుల్లో పైపు సన్నగానే ఉంటుంది. ఇళ్ళు పెరిగినంత వేగంగా పైపు పెరగదు.

కుళాయి లైనుకి నేరుగా మోటారు తగిలించి లాగడం మీ బిల్డింగ్‌లో జరుగుతోందేమో ముందు కనుక్కోండి. జరుగుతుంటే ఈ వారమే ఆపించండి. అలా లాగితే వీధి చివర ఇళ్ళకి చుక్క రాదు. పైగా పైపులో ఒత్తిడి తగ్గి, పగుళ్ళున్న చోట పక్కనున్న కాలువ నీళ్ళు లోపలికి లాక్కుంటుంది. అది అందరి బిందెల్లోకీ వస్తుంది, మీ ఇంటికి కూడా. నీళ్ళు తమంతట తాము సంపులోకి పడాలి, సంపు నుంచి మోటారు మీద పైకి ఎక్కాలి. అదొక్కటే సరైన పద్ధతి. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో, మీటరు ఉందో లేదో ఊరికి నీళ్ళిచ్చే ప్రభుత్వ సంస్థ వాట్కో ఆఫీసులో అడిగితే చెప్తారు. మీటరు చూసి బిల్లు ఇవ్వడానికి జలసాథీలని మహిళలు ఇంటింటికీ వస్తారు. వాళ్ళదీ మహిళా సంఘాల నుంచి వచ్చిన ఉద్యోగమే. నీళ్ళ రంగు మారినా, వాసన వచ్చినా ముందు వాళ్ళకి చెప్పండి. పరీక్షించే కిట్ కూడా వాళ్ళ దగ్గర ఉంటుంది.

బోరు గురించి ఒక మాట. మీ బోరు లోతుగా వేసి ఉంటే, చుట్టుపక్కల పెరటి బావుల్లో మట్టం తగ్గిందని జనం మీ మీదే అనుమానపడతారు. అన్నిసార్లూ అది నిజం కాకపోవచ్చు. కానీ వాన నీళ్ళు భూమిలోకి ఇంకే గుంత మీ ప్లానులో ఉండి ఉంటుంది, స్థలంలో ఉందో లేదో చూడండి. చాలా చోట్ల గుంత కాగితం మీద ఉండి, నేల మీద దాని చోట టైల్స్ పరిచి కార్లు నిలిపి ఉంటాయి. మేడ మీది పైపులన్నీ ఆ గుంతలోకి తిప్పించడం ఒక మేస్త్రీకి వారం పని.

నీళ్ళకన్నా పెద్ద గొడవ మురుగుతో వస్తుంది. వాడిన నీళ్ళలో సుమారు 80 శాతం మురుగై బయటికి వస్తుంది. అంటే మీ బిల్డింగ్ నుంచి రోజుకి దాదాపు 7,000 లీటర్లు. సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీరు, వాన నీళ్ళ గుంతలోకి కాదు, మురుగు కోసం వేరేగా తవ్విన ఇంకుడు గుంతలోకి పోవాలి. స్థలం చాలక చాలామంది బిల్డర్లు ఆ పైపుని వీధి కాలువలో కలిపేస్తారు. వీధి కాలువేమో మీ గేటు దాటాక ఆ పెద్దాయన అరుగు ముందు నుంచే పారుతుంది! సాయంత్రం అరుగు మీద కూర్చోవడం మానేసిన మనిషికి మీ స్కూటర్ ఒక సాకు మాత్రమే.

సెప్టిక్ ట్యాంకు రెండు మూడేళ్ళకోసారి తోడించాలి. బిల్డర్ అప్పగించినప్పుడు ట్యాంకు ఎంత పెద్దది, మూత ఎక్కడ ఉంది, గాలి గొట్టం ఉందా అని రాతపూర్వకంగా తీసుకోండి. తోడించడానికి మున్సిపల్ కార్పొరేషన్ సెస్‌పూల్ బండి వస్తుంది, రుసుము కట్టి రసీదు తీసుకోవచ్చు. ఏ పరిస్థితిలోనూ మనిషిని ట్యాంకులోకి దింపనివ్వకండి. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం అది నేరం, దింపినవాళ్ళూ దింపించినవాళ్ళూ బాధ్యులు. చట్టం సంగతి పక్కన పెట్టినా, లోపలి విషవాయువుకి నిమిషాల్లో ప్రాణం పోతుంది. తక్కువ డబ్బుకి చేస్తామని ఎవరైనా ప్రైవేటుగా వస్తే వాచ్‌మన్ ఒప్పుకోకుండా ముందే చెప్పి ఉంచండి. మా దగ్గర ఈ విషయం నోటీసు బోర్డు మీద ఒడియాలో, తెలుగులో రాసి పెట్టాం.

పార్కింగ్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. మీ బళ్ళు మీ గేటు లోపలే ఉండాలి, వచ్చే చుట్టాల బళ్ళు కూడా. పాత వీధిలో అరుగు ముందు జాగా ఆ ఇంటికి వాకిలి లాంటిది. అక్కడ ముగ్గు వేస్తారు, బియ్యం చెరుగుతారు, అప్పడాలు ఆరబెడతారు.

ఇవన్నీ ఒక్కరు చేయలేరు కాబట్టి అసోసియేషన్ కావాలి. చాలామంది పండగలు చేసుకోవడానికీ లిఫ్టు ఖర్చు పంచుకోవడానికీ అసోసియేషన్ అనుకుంటారు. దాని అసలు బలం చట్టంలో ఉంది. కేంద్ర రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 2016 ప్రకారం ఫ్లాటు స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్ళ లోపు కట్టడంలో, పనితనంలో లోపం బయటపడితే, మీరు తెలియజేసిన 30 రోజుల్లో బిల్డర్ ఉచితంగా సరిచేయాలి. ఒడిశాలో 2023లో అపార్ట్‌మెంట్ల యాజమాన్యం, నిర్వహణ మీద కొత్త చట్టం వచ్చింది. ఉమ్మడి స్థలాలు అసోసియేషన్‌కి చెందాలని, అసోసియేషన్ రిజిస్టర్ కావాలని అది చెప్తుంది. కాబట్టి మెట్లు, మేడ, సంపు, బోరు, పార్కింగ్ అన్నీ మీ అసోసియేషన్ పేరుకి వచ్చాయా లేదా అని అడగండి. బిల్డర్ మేడ మీద ఒక గది తన దగ్గరే ఉంచుకోవడం, పార్కింగ్‌లో ఒక మూల గోడౌన్‌గా వాడుకోవడం నేను తరచూ చూస్తుంటాను.

ఇక్కడ ఒక జాగ్రత్త. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు 8 దాటకపోయినా ప్రాజెక్టుని రెరాలో రిజిస్టర్ చేయనక్కర్లేదని చట్టంలోనే మినహాయింపు ఉంది. పాత ఇళ్ళ జాగాల్లో లేచే బిల్డింగులు చాలావరకు చిన్నవి. మీది 16 ఫ్లాట్లు, సరే, స్థలం ఎంతో దస్తావేజులో చూసుకోండి. రిజిస్టర్ కాకపోతే దిగులు పడకండి, వినియోగదారుల కమిషన్ దారి తెరిచే ఉంటుంది. ఏ దారిలో వెళ్ళినా స్వాధీన పత్రం మీద తేదీ, లోపాల ఫొటోలు, రాసి పంపిన ఉత్తరం కావాలి. ఫోన్లో చెప్పామంటే లెక్కలోకి రాదు.

కాగితాల్లో ముందు అడగాల్సింది ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే కట్టడంలో ఇక దిగి ఉండొచ్చని ఇచ్చే పత్రం. ఇక్కడ దాన్ని ఇచ్చేది బరంపురం డెవలప్‌మెంట్ అథారిటీ. అది లేకుండా దిగినవాళ్ళు చాలామంది ఉన్నారు, మీరూ అలాగే దిగి ఉంటే అందరూ కలిసి బిల్డర్‌ని అడగండి. తర్వాత భూమి రికార్డులో ఆ స్థలం ‘ఘరబారీ’ (ఇంటి స్థలం) అని ఉందో లేదో చూడండి. ఊరి మధ్య పాత ఇంటి స్థలానికి ఇది మామూలుగా సమస్య కాదు. ఊరి అంచున పొలాలు పోయి లేచిన బిల్డింగుల్లో మాత్రం తప్పక చూడాలి.

కరెంటు 2021 జనవరి 1 నుంచి టాటా పవర్ చేతిలోకి వచ్చిన టీపీఎస్ఓడీఎల్ అనే పంపిణీ సంస్థ చూస్తుంది. మీ మీటరు మీ పేరుకి మారిందా, అసలు అది గృహ కనెక్షనేనా అని మొదటి బిల్లులోనే చూడండి. కట్టేటప్పుడు తీసుకున్న తాత్కాలిక కనెక్షన్ మీదే బిల్డింగ్ నడుస్తుంటే ఎక్కువ రేటు పడుతుంది. లిఫ్టుకీ మోటారుకీ వేరే ఉమ్మడి మీటరు ఉండాలి. మున్సిపల్ కార్పొరేషన్‌కి కట్టే హోల్డింగ్ ట్యాక్స్ (ఇంటి పన్ను) కూడా మీ పేరు మీదికి రావాలి. మన ఇంటిపేరు ముందు వస్తుంది, ఇక్కడి గుమాస్తాలు దాన్ని చివర రాస్తారు. ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం అక్షరం అలాగే అన్నిచోట్లా రాయించుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

ఓటు మార్చుకోవడానికి ఫారం 8 చాలు. ఆంధ్రా నంబరు స్కూటర్ 12 నెలలకి మించి ఇక్కడే ఉంటే, విజయనగరం రవాణా ఆఫీసు నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చి ఓడీ 07 నంబరు తీసుకోవాలి.

తుపాను గురించి మీరు అడగలేదు, నేను మాత్రం చెప్పకుండా వదలను. సముద్రం గోపాలపురం దగ్గర, ఇక్కడికి సుమారు 15 కిలోమీటర్లు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ అక్కడే తీరం దాటింది. ఊళ్ళో కరెంటు రోజుల తరబడి లేదు, కరెంటు లేక నీళ్ళూ లేవు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చింది. కాబట్టి అక్టోబరుకి ముందే మేడ ఎక్కి చూడండి. ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకులు గాలికి లేచిపోతాయి. ఫైలిన్ తర్వాత పక్కింటి పెంకుల మీద పడ్డ ట్యాంకులు నేనే చూశాను. హెచ్చరిక రాగానే ట్యాంకులన్నీ నింపించండి, బరువూ ఉంటుంది, కరెంటు పోయాక నీళ్ళూ ఉంటాయి. లిఫ్టుని పై అంతస్తులో ఆపి కరెంటు తీసేయాలి, కింద గుంతలోకి నీళ్ళు వస్తే లిఫ్టు పాడవుతుంది. బాల్కనీలో కుండీలు, బట్టలారేసే స్టాండు లోపల పెట్టాలి. పాత వీధిలో మీ నాలుగో అంతస్తు నుంచి ఏం జారినా పడేది ఎవరో ఒకరి పెంకుటింటి మీద.

ఆ రాత్రి మీ బిల్డింగ్ వీధికి ఉపయోగపడే రాత్రి కూడా. పెంకుటిళ్ళలో ముసలివాళ్ళు, చంటిపిల్లలు ఉంటే పార్కింగ్ పక్కన గదో, మొదటి అంతస్తు వరండానో తెరిచి ఉంచాలని అసోసియేషన్‌లో ముందే తీర్మానం చేసుకోండి. మా బిల్డింగ్‌లో ఇది చేశాక వీధి మమ్మల్ని చూసే తీరే మారింది.

మనుషుల గురించి కూడా రాయాలి. మార్గశిర గురువారాలు వస్తే ఒడియా ఇళ్ళ గుమ్మాల్లో పిండితో ఝోటీ వేసి లక్ష్మీదేవిని పూజిస్తారు. మన ఇళ్ళలో ఆడవాళ్ళు ముగ్గు వేస్తారు కాబట్టి ఆ ఒక్క నెలలో అయ్యే పరిచయాలు మిగతా ఏడాదంతా కావు. రెండేళ్ళకోసారి చైత్రంలో బూఢీ ఠాకురాణీ యాత్ర జరుగుతుంది. అమ్మవారు దేశిబెహెరా వీధిలోని పుట్టింటికి వచ్చి నెల దాకా ఉంటుంది, రాత్రిళ్ళు ఘటం వీధుల్లో తిరుగుతుంది, జనం పులి వేషాలూ దేవుడి వేషాలూ కట్టి మొక్కు తీర్చుకుంటారు. ఆ నెలలో గేటు వేసుకుని, చప్పుడెక్కువైందని విసుక్కోకండి. ఘటం మీ దారిన వస్తుందంటే మీ గేటు ముందూ నీళ్ళు చల్లించి, పిల్లల్ని తీసుకుని కిందికి దిగండి.

ఒడియా కోసం ట్యూషన్ అక్కర్లేదు. పిల్లల్ని వీధిలో ఆడుకోనివ్వండి, ఒక్క వేసవి చాలు. మీరు కూరగాయల బండి దగ్గర మొదలుపెట్టండి. పెద్దావిడని ‘మావుసీ’ అనండి, పెద్దాయనకి ‘నమస్కార్ ఆజ్ఞా’ అని చెయ్యి జోడించండి. తప్పు మాట్లాడినా నవ్వరు, తెలుగులో సర్దిచెప్తారు. బిల్డింగ్‌లో తెలుగువాళ్ళకని వేరే వాట్సాప్ గ్రూపు పెడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. నీళ్ళ గురించి, లిఫ్టు గురించి మాటలు రెండు చోట్ల నడిస్తే రెండు ముఠాలు తయారవుతాయి.

ఎదురింటి పెద్దాయన దగ్గరికి ఒట్టి చేతులతో, ఆదివారం పొద్దున్నే వెళ్ళండి. స్కూటర్ ఇకపై లోపలే పెడతామని చెప్పి, మా బిల్డింగ్ వల్ల మీకు ఏ ఇబ్బంది ఉందో చూపించండి అని అడగండి. ఆయన చూపించింది కాగితం మీద రాసుకోండి. అది కాలువే అవుతుందని నా అంచనా. కాలువ అయితే, మీ సెప్టిక్ ట్యాంకు కొలతలు, బయటికి వెళ్ళే పైపు ఎక్కడ కలుస్తోందో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఇంకుడు గుంతకి జాగా దొరుకుతుందో లేదో, దొరక్కపోతే ఏం చేయొచ్చో చూసి చెప్తాను.